చూసి చెప్పే అక్క

జడ్చర్ల బస్టాండులో మహబూబ్‌నగర్ బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికిందని లోలోపల సంబరపడుతుంటే వెనక సీట్లో ఎవరో ఫోను పెద్దగా పెట్టారు. బస్సులో ఎవరి ఫోను వాళ్ల చెవికే వినిపించాలన్న పట్టింపు మా దిక్కు ఎప్పుడూ లేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. ఫోనులో ఒకాయన పింఛను గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. చెప్పి చెప్పి ఒకచోట ఆగాడు. ఆ కాస్త సందులోంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"తెర మీద ఒక చెయ్యి కనపడుతోంది. కింద, కుడిపక్కన ఆకుపచ్చ బటను ఉంది. వేలు దాని మీద పెట్టింది."

అది నాతో ఆఫీసులో పనిచేసిన అక్క గొంతు. అక్క పోయిన వానకాలమే చనిపోయింది. హైదరాబాదు దవాఖానలో చాలా రోజులుండి అక్కడే కన్నుమూసిందని ఫోనులో ఎవరో పెడితే చదివి తెలుసుకున్నాను. చనిపోయిన మనిషి నా వెనక సీట్లో కూర్చుని బటను ఎక్కడుందో చెబుతుంటే తిరిగి చూడకుండా ఎట్లా ఉంటాను? చూశాను. నల్లద్దాలు పెట్టుకున్న ఒక ముసలామె ఫోనును చెవికి ఆనించుకుని వింటోంది.

"ఎవరమ్మా చెప్తున్నది?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలనిపించి.

"ఎవరో పిల్ల. మంచిగ చెప్తది. ఆగి ఆగి చెప్తది," అంది ముసలామె.

పిల్ల అన్న మాట వింటే అక్క వారం రోజులు నేల మీద నడిచేది కాదు. నాతో పనిచేసే నాటికే ఆమె తలకు గోరింటాకు పెట్టేది. తలలో నెరిసిన వెంట్రుకలన్నీ నారింజ రంగులో మెరిసేవి. ఎండాకాలంలో కూడా గొంతు చుట్టూ చున్నీ చుట్టుకుని, స్టీలు ఫ్లాస్కులోంచి వేడినీళ్లు తాగుతూ ఉండేది. "గొంతు పాడైతే నాకు ఇంకేం ఆస్తి ఉన్నది చెల్లె" అనేది. మా దగ్గర చేరకముందు ఆమె ఒక బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగిందో చెప్పేదట. ఆ అలవాటు ఆమె మాటలోంచి చివరిదాకా పోలేదు. ఆఫీసులో చాయ్ వచ్చినా అదేదో దేవరకొండ బస్సు వచ్చినట్టే చెప్పేది.

మా ఆఫీసు మహబూబ్‌నగర్‌లో ఒక విత్తనాల దుకాణం పైన రెండు గదులు. చిన్న సంస్థ. వ్యవసాయం గురించి, ఆరోగ్యం గురించి, సర్కారు పథకాల గురించి హైదరాబాదులో వీడియోలు తయారుచేసి నెట్‌లో పెడతారు కదా, అవన్నీ మంచి ఫోను, మంచి నెట్, మంచి కళ్లు, మంచి చెవులు ఉన్నవాళ్ల కోసం చేసినవి. మా పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఆ నాలుగూ ఒకే మనిషికి ఉండటం కష్టం. అందుకని మేము వాటిని విప్పి మళ్లీ కుట్టేవాళ్లం. నెట్ సరిగా రాని ఊళ్లకు వీడియోను చిన్నగా చేసేవాళ్లం. బటన్ల ఫోనువాళ్లకు బొమ్మ తీసేసి మాట మాత్రం పంపేవాళ్లం. చెవులు వినపడనివాళ్ల కోసం కింద పెద్ద అక్షరాలు వేయడం నా పని. కళ్లు లేనివాళ్ల కోసం తెర మీద ఏం జరుగుతోందో మాటల్లో చెప్పడం అక్క పని. దానికి ఆఫీసులో ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది. అక్క మాత్రం 'చూసి చెప్పుడు' అనేది. కొన్నాళ్లకు మేమంతా అదే అన్నాం.

ఆ పని ఆమెకు జీతం కోసం చేసే పనిలా ఉండేది కాదు, జబ్బులా ఉండేది. హోటల్లో కూర్చుంటే "చాయ్ వచ్చింది. కప్పు అంచు పలిగింది. ఈగ ఉంది. ఈగ పోయింది" అని పైకే అనేది. తెచ్చిన మనిషి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడేవాడు. పెళ్లిళ్లలో ఆమె పక్కన కూర్చోవడానికి నేను జంకేదాన్ని. "పెండ్లిపిల్లగాడు ఆవలిస్తాండు. పిల్ల మేనమామకు చెప్పులు దొరుకుతలేవు" అని ఆమె సన్నగా అనుకునేదే గానీ, బస్టాండు గొంతు కదా, నాలుగు వరసల దాకా వినిపించేది. వాళ్లాయన ఆమెతో సినిమాకు పోవడం ఎప్పుడో మానేశాడు.

ఆమెకు ఒకే ఒక పట్టుదల ఉండేది. ఉన్నది చెప్పాలి, లేనిది చెప్పకూడదు. నేనొకసారి ఆమె కోసం రాసిచ్చిన మాటల్లో 'అందమైన పూలతోట' అని పెట్టాను. అక్క పెన్ను తీసుకుని అందాన్ని కొట్టేసింది.

"ఏం పూలో చెప్పు, ఏం రంగో చెప్పు. అందం సంగతి వాళ్లు చూసుకుంటరు."

ఇంకోసారి 'రైతు బాధగా చూస్తున్నాడు' అని రాశాను.

"తల వంచుకున్నడు అని రాయి. బాధనో, మెడలు పట్టినయో, నీకేం ఎర్క?"

అట్లాగని ఆమె ఏదో సర్వజ్ఞురాలని అనుకోవద్దు. ఎరుపుకూ తెలుపుకూ మధ్య ఉన్న రంగులన్నీ ఆమెకు గులాబీ రంగే. నారింజ కూడా గులాబీయే. చెబితే ఒప్పుకునేది కాదు. నా పని మీద ఆమెకు చులకన కూడా ఉండేది. నా అక్షరాలు తెర కింది భాగాన్ని మూసేస్తే "నీ చెవిటోళ్లు నా గుడ్డోళ్ల జాగా కబ్జా చేస్తున్నరు" అని నా మీదికి వచ్చేది. గుడ్డోళ్లు చూసే తెర కాదు కదా అని నేనంటే, "నేను చూడాలె గద" అనేది. వీడియోలో మాటల మధ్య సందు చాలకపోతే బొమ్మను ఆపేయించి, తాను చెప్పాల్సింది చెప్పుకున్నాక గానీ వదిలేది కాదు. వరికి మందు కొట్టే వీడియోలో అట్లా ఒక రైతు పంపు చేతిలో పట్టుకుని ఎంతసేపు కదలకుండా నిలబడ్డాడంటే, హైదరాబాదు నుంచి పెద్దసారు ఫోను చేశాడు. మీ రైతు రాయి అయిపోయాడేంటి అని. "అలిసిపోయిండు సార్, రెస్టు తీసుకుంటాండు" అంది అక్క. ఆమెతో నాకు రోజూ ఏదో ఒక గొడవే. గొడవ లేని రోజు ఆమె రాలేదని అర్థం.

మేము తయారుచేసినవాటిని బయటికి వదిలేముందు కొందరికి వినిపించేవాళ్లం. వాళ్లలో యేసోబు తాత ఒకడు. ఆయనది జడ్చర్ల నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. ఊళ్లో చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. ఒకప్పుడు దొరల పొలాల్లో జీతగాళ్లుగా ఉన్న కుటుంబం, తర్వాత కాస్త చెల్క భూమి సంపాదించుకున్నారు. నీటికాసులతో ఆయనకు నడివయసులో చూపు పోయింది. ఇద్దరు కొడుకులు అప్పటికి బడికి పోతున్నారు. వాళ్ల మొహాలు ఆయనకు ఆ వయసు దగ్గరే ఆగిపోయాయి. "నా చిన్నోనికి ముందల రెండు పండ్లు లేవు" అనేవాడు నవ్వుతూ. ఆ చిన్నోడు ప్రకాశం అప్పటికే పుణెలో బిల్డింగులకు సెంట్రింగు కొడుతున్నాడు.

తాత ఆఫీసుకు వస్తే వీడియో పని ఎంత త్వరగా అయిపోతుందా అని చూసేవాడు. తర్వాత వరండాలో కుర్చీ వేయించుకుని, "చెప్పు బిడ్డా, ఎట్లున్నది ఇయాల పాలమూరు?" అనేవాడు. అక్క రెయిలింగు పట్టుకుని కింది రోడ్డును చదివి వినిపించేది.

"ఒక ఆటో గుంతల పడ్డది. డ్రైవరు దిగిండు. తిడ్తాండు. ఎవర్ని తిడ్తాండో తెల్వదు. పక్కన ఒకామె జామకాయలు అమ్ముతాంది, ఆమె నవ్వుతాంది."

"జామకాయలు పండినయా, దోరగున్నయా?"

"దోర. ఒకటి పండింది. దాన్ని కిందికి దాచింది."

తాత కడుపుబ్బ నవ్వేవాడు. ఆమె చెప్పిందంటే ఆయనకు అది అయినట్టే. ఇంట్లోవాళ్లు, చుట్టాలు ఆయనకు అన్నీ సగం సగం చెప్పేవాళ్లు. ముసలాయనకు ఎందుకు, బాధపడతాడు, చెప్పినా ఏం చూస్తాడు అని. "అందరు నాకు మంచిదే చెప్తరు బిడ్డా. మంచిదే చెప్తరని తెలిసినంక ఇంకేం నమ్మాలె? నువ్వొక్కదానివే జామకాయ దాచింది గూడ చెప్తవు" అన్నాడొకసారి. అక్క ఆ రోజంతా ఎవరితోనూ కొట్లాడలేదు. నాకు తెలిసి ఆమెకు ఎవరైనా ఇచ్చిన పెద్ద బిరుదు అదే.

పెద్ద కొడుకు దానేలు మాట మాత్రం తాత ఎత్తేవాడు కాదు. వాడూ పుణెలోనే. తమ్ముణ్ని పనికి తీసుకుపోయింది వాడే. తల్లి చనిపోతే తమ్ముడు రైలు పట్టుకుని వచ్చాడు, వీడు రాలేదు. మేస్త్రీ పంపలేదన్నాడు. తల్లి మట్టికి రానివాడితో మాటలేంటని తాత అప్పటినుంచి వాడి ఫోను ముట్టలేదు. మా దిక్కు మనిషి ఎన్ని తప్పులు చేసినా సర్దుకుపోతారు. మట్టికి రాకపోతే మాత్రం సర్దుకోరు.

తర్వాత కరోనా వచ్చింది. బస్సులు, రైళ్లు బందయ్యాయి. మేము జ్వరం గురించి, మాస్కు గురించి వీడియోలు చేస్తూ పాసు ఉన్న బండిలో ఊళ్లు తిరుగుతున్నాం. ఒక పొద్దున అక్కకు తాత ఫోను చేశాడు. ప్రకాశం పుణెలో చనిపోయాడు. శవాన్ని తీసుకురావడానికి వీల్లేదన్నారు, అక్కడే పూడ్చేశారు.

"వీడియో వచ్చిందంట బిడ్డా. పక్కింటోళ్ల ఫోన్ల ఉన్నది. చెప్పుర్రి అంటే ఎవ్వరు చెప్తలేరు. చూసుకుంట ఏడుస్తున్నరు. నువ్వొచ్చి చూసి చెప్పు."

నేనూ వెంట వెళ్లాను. తాత ఇంటిముందు మంచం మీద కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది. మూతి గుడ్డలు కట్టుకుని ఊరివాళ్లు దూరదూరంగా నిలబడ్డారు. పక్కింటామె ఫోను తెచ్చి ఇచ్చింది. ఏ వీడియో అయినా అక్క ముందు ఒకసారి మౌనంగా చూసేది, ఆ తర్వాతే నోరు విప్పేది. అప్పుడూ అట్లాగే చూసింది. ఆమె భుజం మీదుగా నేనూ చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ఆమె తాత ఎదురుగా కింద కూర్చుని మొదలుపెట్టింది. గొంతు ఎప్పటి గొంతే.

"పెద్ద జాగా. చుట్టు గోడ ఉన్నది. గోడ మీది నుంచి తీసిన్రు. కొత్త బొందలు చాన ఉన్నయి. నలుగురున్నరు, తల కాడి నుంచి కాళ్ల దాక తెల్లడ్రెస్సులు. మొఖాలు కనవడ్తలేవు. బండిల నుంచి దించిన్రు."

"మొఖం?"

"కనవడ్తలేదు తాతా. తెల్లసంచిల చుట్టిన్రు. తాళ్లతోని దించుతున్నరు. ఒక దిక్కు వంగింది. సరిచేసిన్రు. దిగింది. మిషను వస్తాంది. జేసీబీ."

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో బావురుమన్నారు. తాత చెయ్యెత్తి ఆపాడు. ఆయన ముందుకు వంగాడు.

"మిషను కంటె ముందుగల, వాళ్లన్న మన్నేసిండా?"

మా దగ్గర శవాన్ని దించాక అయినవాళ్లు పిడికెడు మన్ను వేస్తారు. ఎవ్వరూ వేయకుండా పూడ్చడమంటే దిక్కులేని శవం కిందే లెక్క. ఆ వీడియోలో మన్ను వేసినవాళ్లు లేరు. తెల్లడ్రెస్సులవాళ్లు పక్కకు జరిగారు, మిషను వచ్చింది, అంతే. అక్క ఫోను వైపు చూసింది. తర్వాత తాత మొహం వైపు చూసింది.

"ఏసిండు," అంది.

"ఏ చేత్తోని?"

వివరాలు అడగడం ఆయనకు నేర్పింది ఆమే కదా.

"కుడిచేత్తోని."

తాత అప్పుడు ఏడ్చాడు. తనివితీరా ఏడ్చి, కండువాతో మొహం తుడుచుకుని, పెద్దోనికి ఫోను కలపమన్నాడు. పక్కింటామె కలిపింది. "నాయినా దానేలూ, తమ్మునికి మన్నేసినవంట. సాలు బిడ్డా. బండ్లు నడిస్తె ఇంటికి రా" అన్నాడు. అవతల నుంచి ఏడుపే తప్ప మాట లేదు.

తిరిగి వస్తుంటే బండిలో అడిగాను. "అక్కా, నాకు కనపళ్లేదే?"

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దారి పొడుగునా ఒక్క చెట్టు గురించీ, ఒక్క గొర్రెల మంద గురించీ చెప్పలేదు. జడ్చర్ల దాటాక, "ఎయ్యలేదు అని అనబోయిన చెల్లె. నోరు రాలే" అంది. అంతే. నాకు అది తప్పుగా తోచలేదు. కళ్లముందు ఒక ముసలాయన పోయిన ఒక కొడుకు కోసం ఏడ్చి, దూరమైన ఇంకో కొడుకును దగ్గరికి తీసుకున్నాడు. ఒక మాట ఇంత మేలు చేస్తే ఎవరు కాదంటారు?

కాదనేవాడు బస్సులు నడవడం మొదలయ్యాక వచ్చాడు. ఒక మధ్యాహ్నం సన్నగా, ఎండకు కమిలిపోయిన మనిషి ఆఫీసు మెట్లెక్కి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"చూసి చెప్పే మేడం ఎవరు?"

దానేలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా నాయిన పొద్దున లేస్తనే నా కుడిచెయ్యి వెతుక్కుంటడు. పట్టుకొని కండ్లకద్దుకుంటడు. గీ చెయ్యే నా చిన్నోనికి మన్నేసింది అంటడు. వచ్చినోళ్లకల్ల గదే చెప్తడు. గా చేత్తోని నేను బువ్వెట్ల తినాలె మేడం?"

అక్కకు ముందు కోపం వచ్చింది. ఆమెకు భయం వేసినా కోపమే వచ్చేది. "మీ నాయిన నీతోని మాట్లాడ్తాండు గద. ఇన్నేండ్లకు మాట్లాడ్తాండు. ఇంకేం గావాలె నీకు?"

"నాతోని మాట్లాడ్తలేడు. మన్నేసినోనితోని మాట్లాడ్తుండు. నేను ఆడ లేను."

అని అతడు గోడకు ఆనుకున్నాడు. "లేనని గాదు. ఉన్న" అన్నాడు. "లోపటికి ఇంటోళ్లల్ల ఒక్కన్ని రానిస్తం, డ్రెస్సిస్తం అన్నరు. నాకు భయమైంది. ఇద్దరు పిల్లలున్నరు. పోలేదు. గోడ బయట నిలవడి ఫోన్ల తీసిన. నా పేరుతోని పంపితె నాయిన ముట్టడని దోస్తు నంబరుతోని పంపిచ్చిన. ఆ వీడియో తీసింది నేనే మేడం. మీరు దాన్ల నేను మన్నేసినట్టు ఎట్ల చూసిన్రు?"

నేను అక్క మొహం చూడలేకపోయాను. తెర మీద ఉన్న ప్రతి వస్తువునూ పట్టి పట్టి చూసే మనిషి, తెర ఇవతల ఫోను పట్టుకుని ఉన్నదెవరని అడగనే లేదు. నేనూ అడగలేదు. వీడియో ఊగుతోందని, ఎవరో రొప్పుతున్న చప్పుడు ఉందని మేమిద్దరం గమనించాం. మా పనిలో అట్లాంటివి వస్తే చప్పుడు తగ్గించేస్తాం. అలవాటు కొద్దీ మనసులోనే తగ్గించేసి ఉంటాం.

"మరి నువ్వే చెప్పకపోయినవా మీ నాయినకు?" అంది అక్క, ఈసారి మెల్లగా.

"చెప్పిన. నమ్ముతలేడు. తమ్ముడు పోయిన బాధల గట్లంటున్నవు బిడ్డా అంటడు. ఆ బిడ్డ చూసి చెప్పింది, ఆ బిడ్డ లేనిది చెప్పదు అంటడు. మీరే చెప్పిన్రు, మీరే తీసెయ్యిర్రి."

అతడు వెళ్లిపోయాక అక్క పని చేయలేకపోయింది. ఆ రోజే కాదు, తర్వాత కూడా. ఒక చిన్న వీడియోకు చెప్పి, చెరిపి, మళ్లీ చెప్పేది. "చెల్లె, ఇది గులాబీ రంగేనా, జర చూడు" అని నన్ను పిలిచేది. ఎన్నడూ ఎవరి మాటా వినని మనిషి నన్ను రంగు అడిగేది. తాతకు నిజం చెబితే ముసలాయన కొడుకును మళ్లీ పోగొట్టుకుంటాడు. చెప్పకపోతే కొడుకు ఆ చేత్తో బతకలేడు. నేను చెప్పొద్దనే అన్నాను. ముసలాయన ఎంతకాలం ఉంటాడు, పోనీ అన్నాను. "పోయేదాంక అబద్ధంల ఉంచుదామా? అందరు చేసేదే గదా అది ఆయనకు" అంది.

ఒక ఆదివారం చర్చి వదిలాక వెళ్లాం. దానేలు గడపలో కూర్చున్నాడు. అక్క వచ్చిందని తెలిసి తాత మొహం వెలిగింది. పాలమూరు ఎట్లున్నదని అడగబోయాడు. ఆమె అడగనివ్వలేదు.

"తాతా, ప్రకాశం వీడియో మల్ల చెప్త. మొదటి నుంచి."

"చెప్పినవు గద బిడ్డా."

"మల్ల ఇను."

ఈసారి ఫోను చూడలేదు. చూడనక్కర లేకుండా ఆమెకు అంతా గుర్తుంది. గోడ చెప్పింది, తెల్లడ్రెస్సులు చెప్పింది, తాళ్లు చెప్పింది. "వీడియో ఊగుతాంది. తీసినోని చెయ్యి వణుకుతాంది. వాని ఊపిరి ఇనవడ్తాంది. మిషను వచ్చింది. ఎవ్వరు మన్నెయ్యలే తాతా. నేను అబద్ధం చెప్పిన. తీసినోడు దానేలు. గోడ బయట ఉన్నడు. లోపటికి పోలే."

తాత ఆమె మీద అరుస్తాడనుకున్నాను. కొడుకును కొడతాడనుకున్నాను. ఏదీ కాలేదు. ఆయన మొహం ఇటు తిప్పి, అటు తిప్పి, మేమందరం ఎక్కడున్నామో కొత్తగా వెతుక్కుంటున్నట్టు చేశాడు. నాకు ఇప్పటికీ ఆ తల తిప్పడమే గుర్తొస్తుంది. అక్క ఆ తర్వాత కొద్ది రోజులకే పని మానేసింది, గొంతు బాగాలేదని అందరికీ చెప్పింది. గొంతు జబ్బు నిజంగా వచ్చింది చాలా కాలం తర్వాత. ఆమె మానేసింది ఎప్పుడో నాకు తెలుసు. తాత అట్లా తల తిప్పినప్పుడే.

"దానేలూ," అన్నాడు చివరికి. "చెయ్యి పట్టు. మీ అమ్మ కాడికి పోదాం."

సమాధుల తోట ఊరి వెనకే, చెల్క మధ్యలో. తండ్రీకొడుకులు ముందు నడిచారు, మేము వెనక. తల్లి సమాధికి సిమెంటు చేసి సున్నం కొట్టారు. దాని ముందు తాత ఆగి, కొడుకు చెయ్యి వదిలేశాడు.

"అప్పుడు మీ అమ్మకు ఎయ్యలే. మొన్న తమ్మునికి ఎయ్యలే. ఇద్దరికి కలిపి ఇప్పుడెయ్యి."

తర్వాత అక్క ఉన్న దిక్కుకు తిరిగాడు. "నువ్వు చూసి చెప్పు."

దానేలు వంగి, ఎర్రమన్ను పిడికిలి నిండా తీసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. వేయలేకపోయాడు. వేళ్ల సందుల్లోంచి మన్ను కొద్దికొద్దిగా రాలుతోంది.

"మన్ను తీసిండు," అంది అక్క. ఆ బస్టాండు గొంతు ఎక్కడికి పోయిందో, పక్కనున్న నాకే సరిగా వినపడలేదు. "పిడికిలి పట్టుకొని నిలవడ్డడు."

"ఏసిండా?"

"ఇంక ఎయ్యలే."

ఎండ నెత్తిన కొడుతోంది. దానేలు ఒక్కసారిగా "అమ్మా" అని, చెయ్యి విదిలించాడు. మన్ను సమాధి మీద పడింది. ఆ చప్పుడు నాకు వినపడింది, తాతకూ వినపడే ఉంటుంది.

"ఏసిండు తాతా," అంది అక్క.

తాత తల ఊపలేదు. కర్ర పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ చాపి సమాధి ఆ చివర నుంచి ఈ చివర దాకా తడుముకుంటూ వచ్చాడు, మన్ను వేళ్లకు తగిలేదాకా.

అక్క చూస్తూ నిలబడింది.